ముప్పై ఆరు బొమ్మలు

కోటని మూడు వారాలకి అద్దెకిచ్చారు.
మార్కీజు గారికి అప్పులు, రోము వాళ్లకి తొందర.
లారీలోంచి ముందు పొగ పెట్టె దిగింది,
తర్వాత మూడు శవపేటికలు
(ఒకదాన్నిండా ద్రాక్షసారా సీసాలు),
ఆ వెనక చలికి ముక్కు చీదుకుంటూ కథానాయిక.

గాస్పరే ఆ కోటకి కావలి, వడ్రంగి, తాళాల గుత్తి.
ముప్పై ఏళ్లు బూజు దులిపిన మనిషి.
అతన్నే పిలిచి బూజు పట్టించమన్నారు.
ఇంత జిగురు, చిన్న ఫ్యాను, ఒక నిచ్చెన.
"సాలీడు దగ్గర కూలికి కుదిరాను" అని నవ్వాడట ఇంట్లో.
ఎర్సీలియా నవ్వలేదు.
"రేపు దులపాల్సింది నేనేగా" అందట.

సినిమా మా ఊరికొచ్చేసరికి ఫిబ్రవరి.
పోస్టరు మీద అన్నీ ఇంగ్లీషు పేర్లే.
మంగలి కొడుకు కెమెరామన్
రాత్రికి రాత్రే ఏ ప్రభువు మనవడో అయిపోయాడు.
మన దయ్యాన్ని మనవాళ్లు నమ్మరు,
దయ్యమన్నాక లండన్ నించి దిగాలి.
గాస్పరే పేరు మాత్రం ఎవరూ మార్చలేదు.
వేస్తే కదా, మార్చడానికి.

అప్పటికి అతను పోయి రెండు నెలలు. ఊపిరితిత్తుల్లో నెమ్ము.

చర్చి వెనక హాల్లో ప్రొజెక్టర్ తిప్పేది నేను.
ఫాదర్ ఉబాల్దో ముందే రీళ్లన్నీ చూసి
ముద్దు దగ్గర, మెడ దగ్గర కత్తెర వేసి పెట్టారు.
పీక కొరకడం ఉంచారు. అది నీతికి అడ్డం కాదట.

మొదటి ఆటకి ఊరంతా వచ్చింది.
నేలమాళిగ తలుపు కిర్రుమనగానే
"ఒరేయ్, అది ఉల్లిపాయల కొట్టు!" అని ఎవడో అరిచాడు.
హాలు హాలంతా విరగబడి నవ్వింది.
నాలుగో రీలు దాకా నవ్వుతూనే ఉంది.

నాలుగో రీల్లో ఆ పిల్ల కొవ్వొత్తితో నడవాలోకొస్తుంది.
గోడకి నిలువుటద్దం.
అద్దంలో, ఆమె భుజం వెనక,
నిచ్చెన మోసుకుంటూ ఒక మనిషి.
ఒకటిన్నర సెకను.
దర్శకుడు చూసుకోలేదో, చూసి పోనీలే అనుకున్నాడో.
ఆమె అరిచేది తర్వాత, తలుపు సందులోంచి వచ్చే రబ్బరు చేతిని చూసి.
జనం ఆ చేతికే హడలిపోయారు.
మూడో వరసలో ఒక్కతే, చేతికి ముందే, లేచి నిలబడింది.

శనివారం రెండాటలు, ఆదివారం రెండాటలు.
ప్రతిసారీ టికెట్టు కొంది.
ఆఖరి ఆట ముందు మెట్లెక్కి నా గదిలోకొచ్చి,
"అక్కడ కాస్త ఆపగలవా" అంది.
"ఆపితే కాలిపోతుందమ్మా" అన్నాను.
అబద్ధం కాదు. ఆ దీపం ముందు ఆగిన బొమ్మ
నడిమధ్యలో బుడగలా ఉబ్బి నల్లబడుతుంది.
పరిగెత్తినంత సేపే దానికి బతుకు.

సోమవారం బస్సుకి రీళ్లు వెళ్లిపోవాలి.
ఆ రాత్రి తలుపు గడియ పెట్టి
ఫాదర్ గారి ముద్దుల కత్తెర తీశాను.
ముప్పై ఆరు బొమ్మలు.
రెండు కొసలూ కలిపి అతికిస్తే
గదంతా మగ్గిన పళ్ల వాసన.
దీన్ని ఇప్పటిదాకా ఏ పాపనివేదనలోనూ చెప్పలేదు.

పక్క ఊరి ప్రొజెక్టర్ వాడు తర్వాత కనపడి
"మీ దగ్గర నవ్వారట, మా వాళ్లకి జ్వరాలొచ్చాయి" అన్నాడు.
అక్కడ ఆమె అద్దం వైపు తిరుగుతుంది,
బొమ్మ గతుక్కుమంటుంది,
అప్పటికే నోరు తెరుచుకుని ఉంటుంది.
ఏం చూసిందో ఎవరికీ తెలీదు.

ఎర్సీలియా ఆ ముక్కని వంటింటి కిటికీకి ఆనించి చూస్తుంది.
గోరంత గాస్పరే.
ముప్పై ఆరు బొమ్మల్లో అతను వేసింది
ఒక్క అడుగు, అదీ పూర్తిగా కాదు.
నడవాలో జిగురు బూజు ఆమె ఇంకా దులపలేదు.
నిజం సాలీళ్లొచ్చి అందులో కాపురం పెట్టాయి.

మొన్న నన్ను కూడా కిటికీ దగ్గరికి పిలిచింది.
ఏడుస్తుందేమో అనుకున్నాను.
వేలు పెట్టి చూపిస్తూ కసిరింది:
"నవంబరు చలి. చెబితే విన్నాడా?
కోటు బొత్తాలు ఒక్కటీ పెట్టుకోలేదు, చూడు."